నీటి కంపనాల కరెంటు: ఖర్చు ఎవరి ఖాతాలో?

కర్మాగారాల ఉక్కు పొగగొట్టాలను కాస్త పరికించి చూస్తే, కొన్నిటి పైభాగాన మెలితిరుగుతూ పైకెక్కే రేకు పట్టీలు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. గాలి గుండ్రటి గొట్టాన్ని ఒరుసుకుంటూ రెండు పాయలుగా చీలి వెనక్కి వెళ్లేటప్పుడు ఒకసారి కుడి అంచున, మరోసారి ఎడమ అంచున సుడి పుట్టి విడిపోతుంది. సుడి విడిన ప్రతిసారీ గొట్టం మీద పక్కకు ఒక తోపు పడుతుంది. ఆ తోపుల లయ, గొట్టం సహజంగా ఊగే లయ ఒకటైతే ఎంత బలమైన ఉక్కయినా ఊగిపోతుంది. కొన్నాళ్లకు అతుకుల దగ్గర బీటలిస్తుంది. సుడులను చెదరగొట్టి ఆ లయ కుదరకుండా చూడటమే రేకు పట్టీల పని. సముద్రగర్భం నుంచి చమురు తోడే పైపులకూ ఇదే బెడద. గాలిలోనైనా నీటిలోనైనా ఇంజినీర్లు దశాబ్దాలుగా అణచిపెట్టాలని చూస్తున్న ఈ ఊపునే కరెంటుగా మార్చుకోవచ్చన్న ఆలోచన ఇప్పుడు ప్రయోగశాలలు దాటి నదుల దాకా వచ్చింది. నెమ్మదిగా పారే నీటి నుంచి కూడా విద్యుత్తు తీయవచ్చన్న మాట కాలువల మీద బతికే మన ప్రాంతానికి సహజంగానే ఆశ పుట్టిస్తుంది. ఆ ఆశలో నిజమెంత, అది ఏ చోట నిజమవుతుంది అన్నది లెక్క వేసి చూసుకోవాలి. ఆ లెక్కలో అన్నిటికన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. నీటిలోంచి మనం తీసే శక్తి నిజంగా ఊరకే పోతున్నదేనా, లేక అప్పటికే మరొకరి పని చేస్తున్నదా?

శాస్త్రం వరకు ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదు. గాలిలో తీగ ఎందుకు పాడుతుందో తేల్చడానికి చెక్ భౌతిక శాస్త్రవేత్త స్ట్రౌహాల్ 1878లో కొలతలు తీశారు. ప్రవాహ వేగాన్ని గొట్టం మందంతో భాగించి, అందులో అయిదో వంతు తీసుకుంటే సెకనుకు ఎన్ని సుళ్లు విడుతున్నాయో దాదాపుగా తెలుస్తుంది. ఆ సుళ్లు రెండు వరుసల్లో ఎలా కుదురుకుంటాయో 1911-12లో ఫాన్ కార్మన్ గణితంతో చూపించారు. ఈ విజ్ఞానాన్ని తిరగేసి వాడుకున్నది మిషిగన్ విశ్వవిద్యాలయంలో నౌకా నిర్మాణ శాస్త్రం బోధించే ఆచార్యుడు మైకేల్ బెర్నిట్సాస్. పాతికేళ్లపాటు ఆయన కూడా ఇలాంటి కంపనాలను అదుపు చేసే పనిలోనే ఉన్నారు. 2008లో ఆయన బృందం 'వివాచే' అన్న పేరుతో ఒక పరికరాన్ని ప్రకటించింది. నీటి వాలుకు అడ్డంగా, పడుకోబెట్టినట్టుగా ఒక గొట్టం ఉంటుంది. రెండు చివరలా దాన్ని స్ప్రింగులు పట్టుకుంటాయి. సుళ్లు విడిన కొద్దీ గొట్టం పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపు జనరేటరును నడిపిస్తుంది. నీటిలో తిరిగే టర్బైన్లు లాభసాటిగా నడవాలంటే ప్రవాహం సెకనుకు రెండున్నర మూడు మీటర్ల వేగంతో ఉండాలని, తమ పరికరానికి మీటరు వేగం కూడా అక్కర్లేదని వారు చెప్పారు. లోకంలోని నదుల్లో, సముద్ర ప్రవాహాల్లో ఎక్కువ భాగం నెమ్మదిగా సాగేవే కాబట్టి ఆ ప్రకటనకు ఎక్కడలేని ప్రచారం వచ్చింది.

ఆ రోజు వేసిన ధరల లెక్కను ఇప్పుడు మళ్లీ చదవడం అవసరం. వివాచే కరెంటు యూనిట్‌కు 5.5 సెంట్లు పడుతుందని అంచనా కట్టారు. అదే లెక్కలో పవన విద్యుత్తుకు 6.9 సెంట్లు, అణు విద్యుత్తుకు 4.6 సెంట్లు చూపారు. సౌర విద్యుత్తు మాత్రం చోటును బట్టి 16 నుంచి 48 సెంట్ల దాకా ఉంటుందన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో పరికరాన్ని పోర్ట్ హ్యూరాన్ దగ్గర సెయింట్ క్లెయిర్ నదిలోకి దించి పరీక్షించారు. గొట్టం ఒంటిమీద గరుకు పట్టీలు అంటించి ఊపును పెంచే మార్గాలు కనుక్కున్నారు. ఒకదాని వెనక ఒకటిగా పెట్టిన గొట్టాలు పరస్పరం ఎలా సహకరిస్తాయో అధ్యయనం చేశారు. పరిశోధన పత్రాలు వరసగా వచ్చాయి. కానీ ఊళ్లకు పెద్ద ఎత్తున కరెంటు అందించే కేంద్రం మాత్రం దాన్నుంచి రాలేదు. ఈలోగా ఆ పట్టికలో అన్నిటికన్నా ఖరీదైనదిగా కనిపించిన సౌర విద్యుత్తు మన దేశంలోనే 2020 డిసెంబరులో, గుజరాత్ వేలంలో యూనిట్ 1.99 రూపాయలకు దిగింది. కాగితం మీద చవకగా ఉన్నది కాగితం మీదే ఉండిపోయింది, ఖరీదైనది ఇంటి కప్పుల మీదికి ఎక్కింది. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోకుండా నీటి కంపనాల మీద ప్రజాధనం పెట్టడం గానీ, అసలు పనికిరాదని తోసిపుచ్చడం గానీ సరికాదు.

మొదటి కారణం నీటి వేగంలోనే ఉంది. ప్రవాహంలోని శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది, తగ్గుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే నీటిలో, దానికి అడ్డంగా కొలిచిన ప్రతి చదరపు మీటరుకు 4,000 వాట్లు ఉంటాయి. వేగం మీటరుకు తగ్గితే అది 500 వాట్లవుతుంది, అర మీటరుకు తగ్గితే 62 వాట్లే మిగులుతాయి. ఏ యంత్రమూ ఈ లెక్కను మార్చలేదు. నెమ్మది నీటిలోనూ ఊగగలగడం కంపన పరికరం గొప్పే కావచ్చు. ఆ నీటిలో లేని శక్తిని మాత్రం అది తెచ్చిపెట్టదు. పది సెంటీమీటర్ల మందం, మీటరు పొడవు ఉన్న గొట్టాన్నే తీసుకుందాం. మీటరు వేగంతో పారే నీటిలో దాని ముందు భాగం మీదుగా పోయే శక్తి 50 వాట్లు. మిషిగన్ బృందం తన తొలి ప్రయోగాల్లో సెకనుకు 0.84 మీటర్ల వేగం దగ్గర సాధించినట్టు చెప్పిన సామర్థ్యం 22 శాతం. అదే సామర్థ్యం ఇక్కడా వస్తుందనుకుంటే చేతికందేది 11 వాట్లు. సాంకేతికత మెరుగుపడి రెట్టింపు వచ్చిందనుకున్నా 22 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్‌కు సరిపడేంత. వేగం సగమైతే మొదటి లెక్క ప్రకారం ఒకటిన్నర వాట్లు కూడా రావు. రాత్రీ పగలూ ఆగకుండా ఊగినా 11 వాట్ల గొట్టం రోజుకు పావు యూనిట్ ఇస్తుంది. 540 వాట్ల సౌర ఫలకం ఒక్కటి మన ఎండలో రోజుకు రెండు యూనిట్లకు పైగా ఇస్తుంది.

రెండో కారణం అరుగుదల. స్ట్రౌహాల్ సూత్రం ప్రకారం ఆ గొట్టం సెకనుకు సుమారు రెండుసార్లు ఊగుతుంది. ఏడాది తిరిగేసరికి 6 కోట్ల 30 లక్షల ఊపులు. ప్రతి ఊపుకూ స్ప్రింగు సాగి ముడుచుకోవాలి, బేరింగు కదలాలి, నీరు లోపలికి చొరకుండా సీలు నిలవాలి. ఇవన్నీ బురద నీటిలో, నాచు పట్టే చోట, కంటికి కనబడని లోతున జరగాలి. నీటిలో యంత్రాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో న్యూయార్క్ ఈస్ట్ రివర్ అనుభవం చెబుతుంది. అక్కడ వెర్డెంట్ పవర్ సంస్థ 2006 నుంచి దించిన తొలి టర్బైన్ల రెక్కలు ప్రవాహపు ఉద్ధృతికి తట్టుకోలేక దెబ్బతిన్నాయి. వాటిని కొత్తగా రూపొందించుకోవాల్సి వచ్చింది. వాళ్లకు పెట్టుబడి లేక కాదు, ఇంజినీర్లు లేక కాదు. నది ప్రయోగశాలలోని తొట్టి కాదు గనక అలా జరిగింది. కంపన పరికరానికి తిరిగే రెక్కలు లేకపోవడం కొంత మేలే, చెత్త చుట్టుకునే అవకాశం తగ్గుతుంది. అయితే ఊగడమే దాని ఉద్యోగం కాబట్టి లోహపు అలసట దానికి పుట్టుకతో వచ్చిన సమస్య. పొగగొట్టాల మీద పట్టీలు వేసి మనం ఏ నష్టాన్ని తప్పించుకుంటున్నామో, ఇక్కడ అదే నష్టాన్ని కోరి తెచ్చుకుని దాన్ని తట్టుకునే భాగాలు తయారు చేయాలి. చేయలేమని కాదు. చేసినప్పుడు వాటి ఖర్చు, మార్చే ఖర్చు, నీళ్లలోకి దిగే మనిషి కూలి అన్నీ ఆ పావు యూనిట్ మీదే పడతాయి.

ఇంతవరకు చెప్పినవి యంత్రం ఇబ్బందులు. రేపు మెరుగైన లోహం, చవకైన జనరేటరు వస్తే ఇవి తగ్గవచ్చు. సాంకేతికతతో తీరని ఇబ్బంది కాలువల దగ్గర ఎదురవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి గోదావరి డెల్టాలోనూ, ఆ తర్వాత కృష్ణా డెల్టాలోనూ, నాగార్జునసాగర్ కుడి ఎడమ కాలువల కిందా వేల కిలోమీటర్ల మేర నీళ్లు పారుతున్నాయి. ఆ పారే నీటిలో శక్తి వృథాగా పోతోందని, గొట్టాలు దించితే పట్టుకోవచ్చని అనడం తేలిక. నిజానికి కాలువలో నీరు ఊరకే పారదు. వాలు ఇచ్చే శక్తి అంతా, అడుగునా గట్లకూ రాసుకునే రాపిడిని గెలిచి నీటిని ముందుకు నెట్టడానికే ఖర్చవుతుంది. సెకనుకు 100 ఘనపు మీటర్ల నీరు పోయే పెద్ద కాలువకు కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలు ఉందనుకుందాం. ఆ కిలోమీటరు పొడవునా వాలు ఇచ్చే మొత్తం శక్తి 98 కిలోవాట్లు. ఆ 98 కిలోవాట్లూ అప్పటికే ఉద్యోగంలో ఉన్నాయి. చివరి చేను దాకా నీటిని మోస్తున్నది అవే. వాటిలో పదో పరకో మనం తీసుకుంటే ఆ మేరకు నీరు నెమ్మదిస్తుంది, పరికరానికి ఎగువన మట్టం పెరుగుతుంది. గట్లు పెంచాలి, లేదా వదిలే నీరు తగ్గించాలి. నీరు తగ్గితే ముందు ఎండేది శివారు ఆయకట్టే. కాలువ మొదట్లో ఉన్న రైతుకు తేడా తెలియదు. చివర ఉన్న రైతుకు తడి అందదు. అక్కడ తీసిన కరెంటు బిల్లు మీటరులో కనబడకుండా శివారు రైతు పొలంలో కనబడుతుంది.

దీనికి మరో కోణం ఉంది. కాలువలో నీటి వేగం ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే పూడిక పడుతుంది. పంజాబ్ కాలువల మీద పనిచేసిన కెనడీ అనే ఇంజినీరు 1895లో ఈ రెండింటి మధ్య నిలిచే వేగానికి ఒక సూత్రం ఇచ్చారు. దేశంలోని కాలువల రూపకల్పన చాలాకాలం దాని చుట్టూ నడిచింది. గొట్టాల వరసలు దించి నీటిని నెమ్మదింపజేస్తే వాటి వెనకే ఒండ్రు పేరుకుంటుంది. పైనుంచి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, తూటికాడ ఆ స్ప్రింగుల చట్రాలను పట్టుకుని వేలాడతాయి. కాలువల్లో గుర్రపుడెక్క తీయించడానికే ఏటా నానా అవస్థలు పడుతున్న నీటిపారుదల శాఖకు ఇంకో అడ్డు పెట్టినట్టవుతుంది. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏడాదిలో కొన్ని నెలలు పరికరం పొడి మట్టిలో నిలబడుతుంది.

మరైతే కాలువల మీద కరెంటే వద్దా అని అడగవచ్చు. తప్పకుండా కావాలి, కానీ శక్తి నిజంగా మిగిలే చోట తీయాలి. అదే 100 ఘనపు మీటర్ల నీరు ఒక డ్రాపు దగ్గర అయిదు మీటర్లు కిందికి దూకితే అక్కడ దాదాపు 4,900 కిలోవాట్లు ఉంటాయి. ఆ శక్తి ఎవరి పనీ చేయడం లేదు. కాలువ అడుగును తవ్వేయకుండా దాన్ని చంపడానికి మనమే రాళ్లు, కాంక్రీటు పరిచి కష్టపడుతున్నాం. అలాంటి చోట టర్బైన్ పెట్టడం దోచుకోవడం కాదు. సాగర్ కుడి కాలువ తల దగ్గర 90 మెగావాట్లు, ఎడమ కాలువ దగ్గర 60 మెగావాట్ల కేంద్రాలు కట్టింది ఈ తర్కంతోనే. ఇక డ్రాపులు లేని సాపు కాలువల మీద శక్తి నీటి కింద కాక నీటి పైన ఉంది. గుజరాత్‌లో మెహసానా జిల్లా చంద్రాసన్ దగ్గర 2012లో నర్మదా ఉపకాలువ మీద 750 మీటర్ల మేర సౌర ఫలకాలు పరిచి ఒక మెగావాట్ కేంద్రం నెలకొల్పారు. ఎండ నిండుగా ఉన్నప్పుడు మన లెక్కలోని పెద్ద కాలువ కిలోమీటరు పొడవునా మోసే మొత్తం శక్తికి అది పదిరెట్లు. కాలువ పైన ఫలకాలు వేయడానికి ఖర్చు ఎక్కువే, పూడిక తీసే యంత్రాలకు అవి అడ్డమే. అయినా నీటి ఆవిరి తగ్గుతుంది, భూసేకరణ తప్పుతుంది, శివారు రైతు వాటా చెక్కుచెదరదు.

కంపన విద్యుత్తును సమర్థించేవారు చెప్పే మాటల్లో బలమైనవి మూడున్నాయి. సూర్యుడు సాయంత్రానికి అస్తమిస్తాడు, నీరు రాత్రీ పారుతుంది అన్నది మొదటిది. ఇది నిజం. మీటరు వేగంతో పారే నీటికి చదరపు మీటరుకు 500 వాట్లు ఉన్నాయంటే, రాత్రీ పగలూ సగటు తీసుకున్నప్పుడు ఎండ కన్నా అది చిక్కనే. ఈ విషయం ఒప్పుకోకపోతే వాదన నిజాయతీగా ఉండదు. కాకపోతే ఎండకూ నీటికీ ఒక మౌలికమైన తేడా ఉంది. ఈ చదరపు మీటరు మీద ఎండను పట్టుకుంటే పక్క చదరపు మీటరు ఎండ తగ్గదు. నీటిలో అలా కాదు. ముందున్న గొట్టం తీసుకున్న శక్తి వెనక గొట్టానికి ఉండదు. వాలు దాన్ని మళ్లీ కూడబెట్టేదాకా దూరం నడవాలి. గొట్టాలను దగ్గరగా పేర్చితే సుళ్లు పరస్పరం బలపడతాయని ప్రయోగశాలలో తేలిన మాట వాస్తవమే. ఆ బలం ఉన్న శక్తిని మెరుగ్గా ఒడిసిపట్టడానికి పనికొస్తుంది, లేని శక్తిని పుట్టించడానికి కాదు. రాత్రి అవసరానికి బ్యాటరీ ఇప్పుడు పోటీలో ఉంది. 2008 నాటి ధరల్లో ఆ పోటీ ఊహకు కూడా అందేది కాదు.

సౌర ఫలకం కూడా ఒకప్పుడు ఖరీదే, దానికి ఇచ్చిన అవకాశం దీనికీ ఇస్తే ఇదీ చవకవుతుంది అన్నది రెండో వాదన. ఫలకం చవకైంది అది కదిలే భాగం ఒక్కటీ లేని వస్తువు కాబట్టి. రాజస్థాన్‌లో వాడేదే అనకాపల్లిలోనూ వాడొచ్చు కాబట్టి. ఒకే తీరుగా కోట్ల సంఖ్యలో ఫ్యాక్టరీలో తయారవుతుంది కాబట్టి. కంపన పరికరాన్ని ఏ నదికి ఆ నది లోతు, వేగం, ఒండ్రు చూసి స్ప్రింగు బిగువుతో సహా కుదుర్చుకోవాలి. సముద్రం విషయంలో మనకున్న అనుభవమూ ఇదే హెచ్చరిక చేస్తుంది. కేరళలో విళింజం దగ్గర 1991లోనే అలల నుంచి కరెంటు తీసే 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టారు. దేశంలో ఆటుపోట్ల నుంచి 12,455 మెగావాట్లు రాబట్టవచ్చని అంచనా ఉంది. సుందర్‌బన్స్‌లోని దుర్గాదువానీ, గుజరాత్‌లోని కచ్ అఖాతం ప్రాజెక్టుల గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నాం. ఆ రెండు ఆటుపోట్ల ప్రాజెక్టుల్లో ఏదీ గ్రిడ్‌కు కరెంటు ఇచ్చే దశకు రాలేదు. 2019లో కేంద్రం సముద్ర విద్యుత్తును పునరుత్పాదక ఇంధనంగా గుర్తించి, డిస్కంలు దాన్ని తమ కొనుగోలు బాధ్యత కింద చూపించుకునే వీలు కల్పించింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన ధర దిగలేదు.

చేపలకూ నదికీ ఇది హాని చేయదన్నది మూడో వాదన. పెద్ద ఆనకట్టతో పోల్చితే ఇది ముమ్మాటికీ నిజం. ముంపు లేదు, పునరావాసం లేదు, నెమ్మదిగా ఊగే గొట్టం చేపను నరకదు. చేపలే సుళ్లను వాడుకుంటాయి కూడా. ట్రౌట్ చేపలు నీటిలోని అడ్డు వెనక విడే సుళ్ల మధ్య ఒళ్లు వంచుకుంటూ తక్కువ శ్రమతో ఎదురీదుతాయని 2003లో శాస్త్రవేత్తలు చూపించారు. అయితే ఒకటీ అరా గొట్టం సంగతి వేరు, నదికి అడ్డంగా వందల గొట్టాల చట్రం సంగతి వేరు. వలసపోయే చేపకు, వల వేసే జాలరికి, పడవ నడిపే సరంగుకు ఆ చట్రం ఏ లోతున ఉంటుందో, పడవదారి ఎటు మళ్లుతుందో ముందే తేల్చాలి. పర్యావరణానికి మేలు అన్న మాట ప్రాజెక్టు పరిమాణాన్ని బట్టి రుజువు చేసుకోవాల్సినదే తప్ప, పేరుతో పాటు వచ్చే యోగ్యతాపత్రం కాదు.

మరి ఈ విజ్ఞానానికి చోటెక్కడ? సహజ నదిలో కథ కాలువకు భిన్నం. నది తన శక్తిని అడుగు మీద, ఒడ్డు మీద ఖర్చు చేస్తూ సముద్రానికి పోతుంది. అందులో కొంచెం తీసుకుంటే ఎవరి పొలమూ ఎండదు. అయితే నది నిలకడగా పారాలి. సెయింట్ క్లెయిర్ నది హ్యూరాన్ సరస్సు నుంచి బయలుదేరుతుంది కాబట్టి ఆ మహా సరస్సే దానికి రిజర్వాయరు. ఏడాది పొడవునా ప్రవాహంలో పెద్ద తేడా ఉండదు. మన గోదావరి 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, వేసవిలో కొన్ని వేల క్యూసెక్కులకు పడిపోతుంది. వేసవికి కుదిర్చిన స్ప్రింగు వరద తాకిడికి నిలవదు, వరదకు కుదిర్చినది వేసవిలో కదలదు. నిలకడ ఉన్న నది ఒడ్డున, గ్రిడ్ చేరని ఊరు ఉన్నప్పుడు మాత్రం చిన్న కరెంటుకు కూడా పెద్ద విలువ వస్తుంది. అలాస్కాలో క్విచాక్ నది ఒడ్డున వంద మంది కూడా లేని ఇగియుగిగ్ ఊరికి డీజిల్ తేవడం మోయలేని ఖర్చు. అక్కడ 2019 నుంచి నదిలో దించిన పరికరం ఆ డీజిల్‌ను తగ్గించే పనిలో పడింది. అది కంపన యంత్రం కాదు, తిరిగే టర్బైనే. కానీ పాఠం రెండింటికీ ఒక్కటే. ప్రవాహ విద్యుత్తు పోటీ పడాల్సింది సౌర వేలంలో పలికిన రెండు రూపాయల యూనిట్‌తో కాదు, మారుమూలకు మోసుకెళ్లే డీజిల్ ధరతో.

రెండో చోటు ఎండ పొడ సోకని గొట్టాల్లో ఉంది. హైదరాబాద్ తాగే కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పెద్ద పైపుల్లో ప్రయాణించి వస్తాయి. ఇలాంటి పైపుల్లో పీడనం ఎంత, వేగం ఎంత, ఎక్కడ కారుతోంది అని చెప్పే సెన్సర్లు మరింత దగ్గర దగ్గరగా ఉంటే నష్టం తగ్గుతుంది. వాటికి కావలసింది కిలోవాట్లు కాదు, వాట్‌లో వెయ్యో వంతుల లెక్కన శక్తి. పైపులోకి చొచ్చుకున్న చిన్న కడ్డీ ఊగి ఆ కాస్త కరెంటు తీస్తే భూమి లోపలి బ్యాటరీలు మార్చే బెడద పోతుంది. పైగా కడ్డీ వెనక సుళ్లు ఎంత వేగంగా విడుతున్నాయో లెక్కపెడితే నీటి వేగమూ తెలుస్తుంది. ఈ సూత్రం మీద పనిచేసే ఫ్లోమీటర్లు పరిశ్రమల్లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే. ఇక్కడా ఖాతా మరచిపోకూడదు. పైపులో నీటిని తోస్తున్నది పంపు, పంపును నడిపేది మన కరెంటే. అందులోంచి కిలోవాట్లు తీయాలనుకుంటే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకుంటూ దారిలో సగం పారేసుకున్నట్టే. వాట్ కన్నా తక్కువ తీసి, దానితో లీకులు పట్టుకుంటే మాత్రం తీసినదానికి ఎన్నో రెట్లు తిరిగొస్తుంది. కృష్ణా జలాల వాడకాన్ని కొలిచే టెలిమెట్రీ కేంద్రాల మీద రెండు తెలుగు రాష్ట్రాలు ఏళ్ల తరబడి వాదులాడుకున్నాయి. నీటి లెక్క ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆరుబయట కాలువల్లో ఆ పని చిన్న సౌర ఫలకంతో జరిగిపోతుంది. కప్పు కింద, సొరంగంలో, పైపులో జరగాలంటే ఊగే కడ్డీకి అవకాశం ఉంది.

దీన్ని బట్టి ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు చేయాల్సింది స్పష్టంగానే ఉంది. నీటి కంపనాలపై పరిశోధనకు డబ్బు ఇవ్వాలి. అయితే మెగావాట్ల పేరుతో కాక, ఫలానా చోట, ఫలానా అవసరానికి అన్న షరతుతో ఇవ్వాలి. ప్రయోగశాల తొట్టిలో వచ్చిన సామర్థ్యాన్ని కాకుండా, ఒక వానాకాలం, ఒక వేసవి నిజమైన ప్రవాహంలో గడిపిన తర్వాత ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్నిసార్లు బయటకు తీసి బాగుచేశారు, అందుకెంత ఖర్చయింది అన్న లెక్కలు బయటపెట్టాలని నిబంధన పెట్టాలి. కాలువలో ఏ పరికరం దించాలన్నా దానివల్ల ఎగువన మట్టం ఎంత పెరుగుతుంది, దిగువన నీరు ఎంత తగ్గుతుంది అన్నది ముందే లెక్కకట్టి చూపించి, నీటి వినియోగదారుల సంఘం ఒప్పుకున్నాకే దించాలి. డ్రాపుల దగ్గర ఇంకా వాడుకోని శక్తి ఉంటే ముందు అది వాడుకోవాలి. కొత్తదనం చూసి మురిసి శాంక్షన్ చేయడం, ఫలితం రాలేదని మూలన పడేయడం మనకు అలవాటైన రెండు తప్పులు. నీరు ఊపిన గొట్టం కరెంటు ఇస్తుందన్నదానిలో సందేహం లేదు. ఆ ఊపు ఖర్చును నది భరిస్తోందా, శివారు రైతు భరిస్తున్నాడా, పంపు బిల్లు కట్టే నగరం భరిస్తోందా అన్నది తేల్చి చెప్పగలిగిన ప్రాజెక్టుకే ప్రజల డబ్బు దక్కాలి.